మోకాలి నొప్పి, నంది హిల్స్, 28 పళ్లు: ఒక సైక్లింగ్ కేస్

ఈ కేసులో ఎక్కువ తప్పు నాదే. అందుకే రాస్తున్నాను. బెంగళూరులో సైక్లింగ్ కోచింగ్ ఇస్తుంటాను. సొంతంగా రేసులు తొక్కి, చూసి, చదివి నేర్చుకున్నవాణ్ణి. డాక్టర్ని కాను, ఫిజియోథెరపిస్టునీ కాను. ఆ మనిషి అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. ఆయన ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. సైకిల్ లెక్కల్ని మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఉంచాను.

మనిషి, సైకిల్

ఆయనకు నలభై దాటాయి. రాయలసీమ నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. నాకంటే పెద్దవారు కాబట్టి నేను "అన్నా" అంటాను, ఆయన నన్ను "తమ్ముడూ" అంటారు. బరువు 78 కిలోలు. లాక్‌డౌన్ రోజుల్లో అందరిలాగే ఒక హైబ్రిడ్ సైకిల్ కొన్నారు. రెండేళ్లు తొక్కాక మోజు పెరిగి, రేసులు తొక్కే ఒక స్నేహితుడి దగ్గర సెకండ్ హ్యాండ్ రోడ్ బైక్ తీసుకున్నారు. మంచి బైకే. కార్బన్ ఫ్రేమ్, షిమానో 105 సెట్, ముందు 52, 36 పళ్ల చైన్‌రింగులు, అంటే పెడళ్ల దగ్గరి పళ్ల చక్రాలు. వెనక ఏముందో అప్పట్లో నేను అడగలేదు. ఈ కథంతా ఆ అడగకపోవడం గురించే.

శనివారం తెల్లవారుజామున హెబ్బాళ నుంచి బళ్లారి రోడ్డు మీద దేవనహళ్లి దాకా గ్రూప్‌తో తొక్కేవారు. నెలకు ఒకటి రెండుసార్లు అక్కడి నుంచి నంది హిల్స్. వారం మధ్యలో ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను ఉన్నచోటే తొక్కనిచ్చే స్టాండు) మీద రెండు రోజులు.

ఏ సమస్యతో వచ్చారు

కుడి మోకాలి చిప్ప ముందు భాగంలో నొప్పి. నంది ఎక్కిన మర్నాడు మెట్లు దిగుతుంటే పొడిచినట్టుండేది. గంటసేపు మీటింగ్‌లో కూర్చుని లేస్తే మోకాలు పట్టేసేది. ఆర్థోపెడిక్ డాక్టరు చూసి, లోపల దెబ్బ ఏమీ లేదని చెప్పి, తొడ కండరాలకు వ్యాయామాలు రాసి, కొన్నాళ్లు సైకిల్ మానమన్నారు. మూడు వారాలు మానారు, నొప్పి పోయింది. మళ్లీ నంది ఎక్కారు, నొప్పి మళ్లీ వచ్చింది. మానితే పోయి, ఎక్కితే వస్తోందంటే కారణం సైకిల్ మీదే ఉందని నాకు అనిపించింది. ఆ అంచనా వరకు సరైందే.

ఆయన మాత్రం ప్రశ్న ముందే తయారు చేసుకుని వచ్చారు. "తమ్ముడూ, వీడియోల్లో అందరూ 90 క్యాడెన్స్ అంటున్నారు. నాకు 62, 65 దాటడం లేదు. అది సరి చేస్తే మోకాలు సర్దుకుంటుందా?"

క్యాడెన్స్ అంటే ఒక నిమిషంలో పెడల్ ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ లెక్క. సెన్సర్ లేకపోయినా కుడి మోకాలు ఎన్నిసార్లు పైకి వచ్చిందో 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే సరిపోతుంది.

మొదట చూసినవి

చదును రోడ్డు మీద ఆయన వెనకాలే తొక్కుతూ గమనించాను. గంటకు 28 కిలోమీటర్లు, ముందు 52, వెనక 15 పళ్ల చక్రం, క్యాడెన్స్ 65. అదే వేగం 52/19లో వెళ్తే కాళ్లు 82 సార్లు తిరగాలి. వేగం అదే, ఖర్చయ్యే వాట్లు అవే. తేడా ఒక్కో తొక్కులో పడే బలంలో. ఎందుకంటే వాట్లు అంటే బలాన్ని తిరిగే వేగంతో గుణించగా వచ్చేది. చుట్లు తగ్గితే ప్రతి చుట్టూ ఎక్కువ బరువు మోయాలి. 82కి బదులు 65లో తొక్కుతున్నారంటే ఒక్కో తొక్కుకు దాదాపు నాలుగో వంతు ఎక్కువ బలం వేస్తున్నట్టే. ఆ బలమంతా తొడ ముందు కండరం నుంచి చిప్ప మీదుగా కిందికి దిగుతుంది.

కాబట్టి క్యాడెన్స్ పెంచాలనుకున్నాను. అంతవరకు పొరపాటు లేదు. ఎంత పెంచాలి, ఎక్కడ పెంచాలి అన్న దగ్గరే దారి తప్పాను.

90 వెంట పడటం

90 అన్న అంకె ఊరికే పుట్టలేదు. 1972లో మెక్సికో సిటీలో బెల్జియం రేసర్ ఎడ్డీ మెర్క్స్ గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు పెట్టినప్పుడు 52/14 గేర్‌లో ఆయన కాళ్లు నిమిషానికి వంద చుట్లు దాటాయి. తర్వాత 2000 ప్రాంతంలో టూర్ డి ఫ్రాన్స్ రేసులో లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ కొండల మీద చిన్న గేర్‌లో గిరగిరా తిప్పుతుంటే, పక్కనే యాన్ ఉల్రిచ్ పెద్ద గేర్‌ను నెమ్మదిగా నొక్కుతూ ఎక్కడం టీవీలో చూసినవాళ్లంతా వేగంగా తిప్పడమే గొప్ప అనుకున్నారు. ఆర్మ్‌స్ట్రాంగ్ డోపింగ్ బయటపడి టైటిళ్లు పోయాయి గానీ ఆ అంకె మాత్రం నిలిచిపోయింది. వీళ్లంతా 300, 400 వాట్లు తొక్కే మనుషులు. వాట్లు పెరిగేకొద్దీ కాళ్లు కోరుకునే క్యాడెన్స్ కూడా పెరుగుతుంది. 150 వాట్ల దగ్గర 90 తిప్పితే కాళ్లను ఊరికే తిప్పడానికే బోలెడు శక్తి పోతుంది, గుండె వేగం పెరుగుతుంది.

ఇదంతా తెలిసీ ఆయనకు ట్రైనర్ మీద మూడు వారాలు 90 చేయించాను. అంకె గుండ్రంగా ఉంది, ఆయనే అడుగుతున్నారు, చెప్పడం తేలిక. మొదటి వారంలోనే సీటు మీద ఎగిరెగిరి పడటం మొదలైంది. రెండో వారానికి తొడ పైభాగం ముందువైపు పట్టేసింది. మూడో వారంలో, ఎప్పుడో చేయాల్సిన పరీక్ష చేశాను. 150 వాట్లు కదలకుండా పెట్టి, ఆరేసి నిమిషాల చొప్పున 60, 75, 90. గుండె వేగం వరుసగా 139, 141, 152. మోకాలి అసౌకర్యానికి పదికి ఆయన ఇచ్చిన మార్కులు 3, 1, 1. అంటే 75కే మోకాలికి దక్కాల్సిన లాభం దక్కుతోంది. పైన ఇంకో 15 పెంచితే మోకాలికి ఒరిగిందేమీ లేదు, గుండెకు మాత్రం 11 కొట్టుళ్లు ఎక్కువ.

నేల విడిచి సాము చేయించాను. ఆపేశాను.

సీటు, ఒక్కో గేరు

అప్పుడు సీటు చూశాను. పాత యజమాని ఎత్తుకు పెట్టినది అలాగే ఉంది. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు కూడా ఆయన మోకాలు బాగా వంగి ఉంటోంది. సీటు అంతగా కిందికి ఉంటే చిప్ప మీద ఒత్తిడి ఎక్కువ. ఒకేసారి ఎత్తకుండా నాలుగేసి మిల్లీమీటర్ల చొప్పున మూడుసార్లు, ఒక్కోసారికీ మధ్య వారం గడువిచ్చి ఎత్తాను. నాలుగోసారి ఎత్తగానే నడుము అటూ ఇటూ ఊగింది. వెంటనే వెనక్కి తెచ్చాను.

క్యాడెన్స్ విషయంలో అంకె వదిలేసి, అలవాటుకు పైన ఎనిమిది తొమ్మిది చుట్లు మాత్రమే అడిగాను. చదును రోడ్డు మీద 52/15కు బదులు 52/17 వాడితే అదే వేగానికి 74 వస్తుంది. రెండు వారాలు అది. తర్వాత 19. "తిప్పు" అనడం మానేసి "వెనక ఒక చక్రం పెద్దదానికి మార్చు" అనడం మొదలుపెట్టాను. కాళ్లకు ఆజ్ఞ ఇవ్వడం కంటే చేతికి ఇవ్వడం తేలిక, అది పని చేసింది. ఆరు వారాలకు దేవనహళ్లి రోడ్డు మీద 80 మామూలైంది. మర్నాటి నొప్పి కూడా తగ్గింది. ఇంక అయిపోయిందనుకున్నాను.

నంది మీద

నంది కొండ శిఖరం 1,478 మీటర్ల ఎత్తు. కింది నుంచి ఏడు కిలోమీటర్లకు పైగా ఎక్కుడు. మొదట్లో ఓపిక పట్టే వాలు, చివరి రెండు మూడు కిలోమీటర్లలో వరసగా మలుపులు, 8 శాతం దాటే చోట్లు. ఆ రోజు నేనూ ఆయన వెనక ఎక్కాను. కింది భాగంలో 65 దాకా వస్తోంది. పైకి వెళ్లేకొద్దీ 58, 54, ఒక మలుపులో 47. నేను వెనక నుంచి అరుస్తున్నాను, "అన్నా, తిప్పండి, 80 కాకపోయినా 75 రావాలి!" ఆయన కుడి మోకాలు లోపలికి వంగుతూ, భుజాలతో హ్యాండిల్‌ని లాగుతూ, ఒక్కో తొక్కుకూ ముందు చక్రం అటూ ఇటూ పోతోంది. రెండుసార్లు దిగారు. రెండోసారి దిగినప్పుడు రోడ్డు పక్క రాయి మీద కూర్చుని అన్నారు, "తమ్ముడూ, నువ్వు తిప్పమంటే తిప్పనా? ఇంక గేర్ లేదు కదప్పా."

నేను వినిపించుకోలేదు. కాళ్లలో బలం చాలలేదు, అలవాటు కాలేదు, ఇలాంటివేవో చెప్పాను. కొండ దిగాక కింద టీ అంగడి దగ్గర సైకిల్ని గోడకు ఆనించి చూస్తుంటే ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. వెనక చక్రం దగ్గర కూర్చుని, అన్నిటికంటే పెద్ద చక్రం మీద ఒక పన్నుకు చిన్న టేపు ముక్క అంటించి, పెడల్ చేత్తో వెనక్కి తిప్పుతూ లెక్కపెట్టాను. 28. నమ్మకం కుదరక ఇంకోసారి లెక్కపెట్టాను. 28. పక్కన ఆయన టీ తాగుతూ నన్నే చూస్తున్నారు.

నాలుగు నెలలుగా ఆ మనిషి కాళ్లను చూస్తున్నాను, సైకిల్ పళ్లు చూడలేదు.

అక్కడే వేసిన లెక్క

ముందు 36, వెనక 28 అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ దాదాపు 2.70 మీటర్లు ముందుకు పోతుంది. మనిషి, సైకిల్, నీళ్లు, బట్టలు అన్నీ కలిపి 89 కిలోలు. 8 శాతం వాలు మీద బరువే 70 న్యూటన్ల బలంతో వెనక్కి లాగుతుంది, టైర్ల రాపిడి ఇంకో ఐదు. ట్రైనర్ మీద 20 నిమిషాల పరీక్షలో ఆయన సగటు 190 వాట్లు. అంటే గంట నిలబెట్టగలిగేది 180. నంది అంత పొడవు ఎక్కుడులో 175 అనుకుందాం. ఆ వాట్లకు ఆ వాలు మీద వచ్చే వేగం గంటకు 8 కిలోమీటర్లు, అంటే నిమిషానికి 133 మీటర్లు. 2.70తో భాగిస్తే క్యాడెన్స్ 50 లోపే.

ఇందులో అలవాటు, పట్టుదల ఏమీ లేవు. వాలు, బరువు, వాట్లు, పళ్లు, ఈ నాలుగూ కలిసి క్యాడెన్స్‌ను ముందే తేల్చేశాయి. ఆ వాలు మీద ఆ గేర్‌లో 80 తిప్పాలంటే దాదాపు 290 వాట్లు కావాలి. 180 వాట్ల మనిషి మీద నేను కొండంతా అరిచింది దాని కోసం. చివరి రెండున్నర కిలోమీటర్లలోనే ఒక్కో కాలితో 900కు పైగా తొక్కులు, అన్నీ దాదాపు బలమంతా పెట్టి నొక్కినవే. మోకాలు గోల చేయకపోతే ఆశ్చర్యపోవాలి.

ఏం మార్చాం, ఎందుకు

రెండు దారులు. ముందు చైన్‌రింగులు మార్చి 50/34 వేయడం, లేదా వెనక క్యాసెట్, అంటే వెనక పళ్ల చక్రాల కట్ట, మార్చడం. గ్రూప్‌లో చాలామంది మొదటిదే చెప్పారు. లెక్క వేస్తే 36 నుంచి 34కు దిగితే గేర్ 6 శాతం కూడా తేలికపడదు. వెనక 28 నుంచి 34కు పోతే దాదాపు 18 శాతం. వెనకదే ఎంచుకున్నాం.

కానీ ఆ బైకుకు ఉన్న వెనక డీరెయిలర్ (చైనును ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) పొట్టి చేతిది. 105లో ఆ తరం పొట్టి డీరెయిలర్ 30 పళ్ల దాకానే పనికొస్తుంది. పొడుగు చేతిది 34 దాకా. గేర్లు మారినప్పుడు చైనులో వచ్చే వదులును డీరెయిలరే లాగాలి, ఆ లెక్క కూడా చూడాలి. ముందు రెండింటి తేడా 16, వెనక 11 నుంచి 34కు తేడా 23, కలిపి 39. పొడుగు చేతి డీరెయిలర్ లాగగలిగే వదులు సరిగ్గా 39. అంచు మీద సరిపోయింది. పాత చైను ఈ క్యాసెట్‌కు పొట్టి అవుతుంది. కాబట్టి క్యాసెట్, డీరెయిలర్, చైను మూడూ మార్చాలి. డబ్బు ఆదా అవుతుందని పొట్టి డీరెయిలర్‌నే స్క్రూ బిగించి సర్దేవాళ్లున్నారు. చదును మీద నడుస్తుంది. అలవాటులో పొరపాటున ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద చక్రం కలిపితే చైను బిగిసి డీరెయిలర్ విరిగే ప్రమాదముంది. నేను వద్దన్నాను.

బిగించిన రోజు క్యాసెట్ కొద్దిగా గలగలలాడింది. ఈ 11-34 క్యాసెట్‌ను 11 స్పీడ్ రోడ్డు చక్రం మీద ఎక్కించేటప్పుడు వెనక ఒక పల్చటి రింగు వేయాలి. షాపులో కుర్రాడు అది మరిచిపోయాడు. విప్పి వేయించాం. ఈ క్యాసెట్‌లో 12, 14 పళ్ల చక్రాలు ఉండవు. చదును మీద వేగంగా వెళ్లేవాళ్లకు ఆ ఖాళీ తెలుస్తుంది. ఆయనకు తెలియలేదు.

మళ్లీ రెండు తప్పులు

కొత్త క్యాసెట్‌తో మొదటిసారి నంది ఎక్కినప్పుడు ఆరంభ శూరత్వం. కింది తేలిక భాగంలోనే 34 మీదకు వెళ్లి, ఉత్సాహంగా 95 తిప్పుతూ నలుగురిని దాటేశారు. నాలుగో కిలోమీటరుకు గుండె వేగం ఆకాశానికెక్కింది. మలుపులు మొదలయ్యేసరికి ఒంట్లో ఏమీ మిగల్లేదు. తేలిక గేర్ చేతికొస్తే తేలిగ్గా వెళ్లాలని ఎవరికీ తోచదు. వేగంగా వెళ్లాలనే తోస్తుంది.

రెండోసారి దానికి పూర్తిగా తలకిందులు. గ్రూప్‌లో ఎవరో ఆ పెద్ద క్యాసెట్ చూసి "తాత గేర్" అన్నారు. అంతే, ఆయన 34ను పండగ చీరలా దాచుకున్నారు. 47 చుట్లకు పడిపోయినా 30 మీదే నొక్కారు. అడిగితే, "చివరికి ఒకటి ఉండాలి కదా తమ్ముడూ" అన్నారు. మర్నాడు మోకాలు చిన్నగా మళ్లీ గుర్తు చేసింది.

అప్పుడు ఆయనకు తిరుమల ఘాట్ బస్సు గుర్తుచేశాను. డ్రైవరు మలుపు వచ్చాక, బండి మొరాయించాక గేర్ దించడు. మలుపు కనిపించగానే దించేస్తాడు. సైకిల్‌కు ఇది ఇంకా ముఖ్యం. బలంగా నొక్కుతూ గేర్ మారిస్తే చైను కటకటమంటుంది, ఒక్కోసారి మారదు కూడా. మలుపు ముందు రెండు తొక్కులు బలం వదిలి, మార్చి, తర్వాత నొక్కాలి. చిన్నప్పుడు తిరుమల బస్సులో ముందు సీటులో కూర్చున్న మనిషి కాబట్టి వెంటనే పట్టుకున్నారు.

చివరికి కుదిరిన పద్ధతి

ఒకే అంకె పెట్టడం మానేశాం. చదును మీద 78 నుంచి 85, ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ. నంది కింది భాగంలో 72 నుంచి 78, నోటితో వాక్యం పూర్తిగా పలకగలిగేంత ఊపిరితో. పైన 60 కంటే కిందికి పడకుండా చూసుకోవడం. లెక్క ప్రకారం 8 శాతం వాలు మీద 36/34లో ఆయనకు వచ్చేది 60, 61. రోడ్డు మీద కూడా అంతే వచ్చింది. 55 కంటే కిందికి పడితే, ఇంకా గేర్ లేకపోతే, మలుపు బయటి వైపు వెడల్పుగా తిరగాలి, ఎందుకంటే లోపలి అంచున వాలు ఎక్కువ. అదీ వెనక ముందు వచ్చే బండ్లు చూసుకునే. లేకపోతే ముప్ఫై సెకన్లు నిలబడి తొక్కాలి. నిలబడితే శరీర బరువు పెడల్ మీద పడుతుంది, మోకాలు తక్కువ వంపులో పని చేస్తుంది.

ట్రైనర్ మీద వారానికి ఒకసారి ఎనిమిదేసి నిమిషాలు మూడు విడతలు, 65 క్యాడెన్స్‌తో, మధ్యస్థ వాట్లలో. మోకాలు నొచ్చిన మనిషి చేత నెమ్మది క్యాడెన్స్ ఎందుకు చేయిస్తున్నావని ఒక సాటి కోచ్ అడిగాడు. కొండ మీద ఆయనకు దొరికేది అదే కాబట్టి. ఎన్నడూ సాధన చేయని క్యాడెన్స్‌ను కొండ మీద మొదటిసారి కాళ్లకు పరిచయం చేయకూడదు. నొప్పి పదికి రెండు దాటితే ఆపేయాలన్నది షరతు. రెండు నెలల్లో ఒక్కసారే ఆపారు.

నేను నేర్చుకున్నవి

ఇప్పుడు ఎవరు వచ్చినా మొదటి రోజే వెనక చక్రం దగ్గర కూర్చుని పళ్లు లెక్కపెడతాను. వాళ్లు ఎక్కాలనుకున్న కొండ వాలు, వాళ్ల బరువు, 20 నిమిషాల వాట్లు అడిగి, చిట్టచివరి గేర్‌లో ఎంత క్యాడెన్స్ వస్తుందో కాగితం మీద వేస్తాను. 60 కంటే తక్కువ వస్తే ట్రైనింగ్ ప్లాన్ కంటే ముందు క్యాసెట్ మాట్లాడతాను. సెకండ్ హ్యాండ్ బైకుల విషయంలో ఇది మరీ అవసరం. 70 కిలోలతో 280 వాట్లు తొక్కే కుర్రాడి కోసం కట్టిన గేర్లు వాడే మనిషి మారినా మారవు.

క్లయింటు "గేర్ లేదు" అంటే అది సాకు కాదని కూడా నేర్చుకున్నాను. ఆయన చెప్పింది యంత్రం గురించి. నేను విన్నది మనసు గురించి.

ఇందులో నొప్పి తగ్గడానికి సీటు ఎత్తు ఎంత కారణం, డాక్టరు చెప్పిన వ్యాయామాలు ఎంత, గేర్ ఎంత అని విడదీసి చెప్పలేను. మూడూ కొన్ని నెలల్లో ఒకదాని వెంట ఒకటి జరిగాయి. కానీ సీటు సర్దాక కూడా నంది మర్నాడు నొప్పి వచ్చింది, క్యాసెట్‌ను సరిగ్గా వాడటం మొదలుపెట్టాక రాలేదు.

ప్రస్తుతం

ఆయన ఎక్కడా సైకిల్ దిగకుండా నంది ఎక్కుతున్నారు. సమయం చూస్తే ముందుకంటే నాలుగు నిమిషాలే తగ్గింది, అదీ ఎక్కువగా దిగి నిలబడటం మానేసినందుకు. మర్నాడు మెట్లు దిగడానికి రైలింగ్ పట్టుకోవడం లేదు. బళ్లారి రోడ్డు మీద కుర్రాళ్లు దాటిపోతే మాత్రం ఇప్పటికీ 52/15లో పడి నొక్కుతారు, ఆ రాత్రి ఫోన్ చేసి తనే ఒప్పుకుంటారు. "తాత గేర్" అన్న మనిషి పోయిన నెల ఆయన్ని పక్కకు పిలిచి, ఆ డీరెయిలర్ ఏ మోడలో మెల్లగా అడిగాడట.